పుంగనూరు దాకా గంటా ఇరవై ఐదు నిమిషాలు

మదనపల్లె,
10-11-1998, మంగళవారం.

ప్రియమైన దేవరాజులుకు,

ఉమాశంకర్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మునీశ్వరి, పిల్లలు సుఖంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ రాజమ్మ వదినా బాగున్నారని నీ కార్డు చివరి వరుసలో చదివి సంతోషించాం. పైనున్న పదకొండు వరుసలూ ఇలియాస్ గురించే కాబట్టి ఆ ఒక్క వరుస కోసం కొంచెం వెతుక్కోవలసి వచ్చింది.

ముందు మన ఒప్పందం సంగతి. జూన్‌లో నువ్వు బదిలీ మీద కుప్పం పోయేటప్పుడు బస్టాండులో అనుకున్నాం గదా, ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి అక్కడ నువ్వూ ఇక్కడ నేనూ సైకిలెక్కాలని. నువ్వు వి.కోట దాకా, నేను ఎప్పటిలాగే పుంగనూరు దాకా. రెండు దూరాలూ ఇంచుమించు ఒకటే గనక, ఎవరికెంత సేపు పట్టిందో కార్డు మీద రాసుకోవాలని. మొన్న ఆదివారం నాకు గంటా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. సిద్దప్ప హోటల్లో ఎర్రకారం దోసె తిని, టీ తాగి, ఎండెక్కక ముందే ఇల్లు చేరాను. నీ గంటా యాభై నిమిషాలు చూశాను. తప్పేం లేదు, నీకది కొత్త రోడ్డు.

ఇద్దరం కలిసి తొక్కినన్నాళ్ళూ రెండు గంటలకు తక్కువ ఎప్పుడూ పోలేదే, ఇప్పుడింత వేగం నీకెక్కడినుంచి వచ్చిందప్పా అని అడిగావు. కలిసి తొక్కితే మాటలుంటాయి. మన పట్టు పరిశ్రమ ఆఫీసులో ఎవరు ఎవరి మీద అర్జీ పెట్టారో, ఎవరి ఇంక్రిమెంటు ఎందుకు ఆగిందో చెప్పుకుంటూ, నవ్వొచ్చినప్పుడల్లా కాలు కింద పెట్టి నిలబడుతూ పోతే రెండు గంటలు కాక ఏమవుతుంది. ఇప్పుడు నా పక్కన మాట్లాడే మనిషి లేడు.

ఇక అసలు సంగతికి వస్తాను. రేసు సైకిలు కొనాలా వద్దా అని నా సలహా అడిగావు. పద్నాలుగేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం గనక నన్నడిగావని మొదట పొంగిపోయాను. రెండోసారి చదివితే, ఇలియాస్ కొనమంటున్నాడు, నువ్వేమంటావు అని ఉంది. అంటే నాది రెండో సలహా.

నీ కార్డుల పుణ్యమా అని, ఆదివారాలు నీ పక్కన తొక్కే ఆ ఇలియాస్ గురించి నాకు మా బావమరిది గురించి కంటే ఎక్కువ తెలుసు. బజారులో గడియారాల షాపు. పది గేర్ల సైకిలు. తొక్కేటప్పుడు మెడలో స్టాప్‌వాచీ. చలికి నీ చెవులు నొప్పెడతాయని నీ కోసం ఇంకో మఫ్లరు కూడా తెస్తాడంట. ఎంత వెతికినా ఆ మనిషిలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు, నాకు మండేది అక్కడే. పద్నాలుగేళ్ళలో నీ చెవుల సంగతి నాకెందుకు తట్టలేదని రెండు రోజులు ఆలోచించాను. నాకు అసూయగా ఉంది దేవరాజులూ. నీ దగ్గర దాచి నేనేం బావుకోవాలి.

సైకిలు సంగతి అడిగావు గనక చెప్తాను, విను. నేను ఊరికే చెప్పడం లేదు, పని గట్టుకుని ఘని సైకిలంగడికి పోయి కనుక్కుని వచ్చాను. దాని టైరు వేలెడు లావు కూడా ఉండదు. మన రోడ్ల పక్కన తుమ్మముళ్ళు ఎట్లా పడి ఉంటాయో నీకు తెలుసు. గాలి పోతే దాని ట్యూబు మూతికి మన పంపు పట్టదు, ట్యూబు మార్చాలంటే బెంగళూరు పోవాలి. మడ్‌గార్డు ఉండదు, తడి రోడ్డు మీద పోతే వీపంతా బురద చారలే. క్యారియరు ఉండదు. స్టాండు కూడా ఉండదంట, ఎక్కడ దిగినా ఏ గోడకో ఆనించి దానికి కాపలా కాయాలి. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, దాన్ని పట్టుకుంటే నీ మొహం రోడ్డుకే గాని పక్క మనిషికి కనపడదు. మనమేమన్నా పోటీలకు పోయే వయసు వాళ్ళమా? ఆదివారం పొద్దున నాలుగు చెట్లు చూసి, ఒక దోసె తిని, ఆకలితో ఇంటికొచ్చే మనుషులం.

మన నల్ల సైకిళ్ళు ఒకే రోజు ఘని దగ్గరే బిగించుకున్నాం గదా. సీటు చంకకు ఆనించి చెయ్యి చాపమని, వేళ్ళు పెడలు ఇరుసుకు అందాక ఆ ఎత్తున సీటు బిగించాడు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు నడుము నొప్పి అన్నామా? నేను ఇదంతా అడుగుతూ ఉంటే ఘని నవ్వి, కొనేది ఆ సార్ గదా, మీకు యాల ఇంత కోపం వస్తాండాదని అన్నాడు. వాడికేం తెలుసు.

కాబట్టి నా మాట, వద్దు. కాదని కొంటే ఇంక నన్ను అడగొద్దు.

మునీశ్వరి నా భుజం మీంచి ఇది చదివి, ఆయప్ప సైకిలు కొనుక్కుంటే నీకేం నొప్పి, ఊరికే ఉండలేవా అనింది. వదినకు నమస్కారాలు చెప్పు.

నీ మొదటి స్నేహితుడు,
ఉమాశంకర్


మదనపల్లె,
1-12-1998, మంగళవారం.

ప్రియమైన దేవరాజులుకు,

అందరం కులాసా అని మామూలుగా మొదలుపెట్టాలి గాని, శనివారం నీ ఉత్తరం అందినప్పటి నుంచి నేను కులాసాగా లేను. ఈసారి కార్డు కాకుండా నాలుగు పేజీలు చూసి మొదట సంతోషమేసింది. రెండో పేజీ దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాను.

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం, ఎట్లయినా నా టైము అందుకోవాలని కుప్పం పొలిమేర నుంచీ నిలబడి తొక్కావని రాశావు. వి.కోట ముందర ఎత్తు మీద దమ్ము పట్టేసి, కళ్ళు చీకట్లు కమ్మి, సైకిలు వదిలేసి రోడ్డు పక్కన కూర్చున్నావంట. ఇలియాస్ గడియారం ఆపేసి, తన తువ్వాలతో విసిరి, నీళ్ళు తాపించి, లారీ ఆపి నిన్నూ రెండు సైకిళ్ళనూ ఇంటికి చేర్చాడంట. డాక్టరు చూసి గుండెకేమీ లేదు, శక్తికి మించి తొక్కొద్దన్నాడంట. నువ్వు మాత్రం తప్పంతా నల్ల సైకిలుదే అంటావు. ఆరో తేదీ ఆదివారం ఇలియాస్‌తో రైల్లో బెంగళూరు పోయి రేసు సైకిలు తెచ్చుకుంటానని, నల్ల సైకిలు ఆ షాపువాడికే ఇచ్చేస్తానని రాశావు. అది ఉంటే ఉమాశంకర్‌ను అందుకోవడం నెల రోజుల పని అని కింద గీత కూడా గీశావు.

నిజం చెప్తాను, తిట్టుకోవద్దు. నువ్వు రోడ్డు పక్కన కూలబడ్డావని చదివినప్పుడు నాకు మొదట వచ్చింది భయం కాదు. ఆ తువ్వాల నాది కాలేదే అని వచ్చింది. భయం తర్వాత వచ్చింది. వచ్చింది ఇంకా పోలేదు. నలభై నాలుగేళ్ళ మనిషిని, నాలాంటి బుద్ధి ఎవరికీ రాకూడదని మొహం కడుక్కుని దేవుడి ముందు దీపం వెలిగించాను.

ఇంకో మాట కూడా రాశావు. ఇలియాస్ నా టైములన్నీ ఒక నోటుబుక్కులో వరసగా రాసి పెట్టాడని, ఆ సార్ మనిషా ఇంజనా, ఒక్కసారి సూపిచ్చప్పా అని నిన్ను అడుగుతున్నాడని. నేను ఆ మాట మునీశ్వరికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తి ఒకసారి నా వైపు చూసి మళ్ళీ చాటలోకి వంగింది. ఇలియాస్ నన్ను మెచ్చుకున్నాడని నాకెంత గర్వంగా ఉండిందో, అంత చిరాకుగానూ ఉండింది. ఆయనతో నాకు పోలిక పెట్టుకునేందుకు అదొక్కటే నా దగ్గర ఉంది.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఘని అంగడి ముందు ఆగిపోయాను. బెంగళూరులో చదివే ఎవరో డాక్టరు గారి కూతురి రేసు సైకిలు గేరు తీగ తెగి రిపేరుకు వచ్చి ఉండింది. నీలం రంగు. ఒక్క వేలితో ముందు భాగం పైకెత్తాను, లేచొచ్చింది. ఘని తీగ మార్చి, మార్కెట్ యార్డు దాకా పోయి రా సార్, నేను సూస్తాంటా, ముల్లు మాత్రం సూసుకోని పోవల్ల అన్నాడు. ఎక్కాను. మొదట వంగడానికి భయమేసింది. యార్డు గేటు ముందర టమోటా బుట్టలు దించుతున్నారు, బ్రేకు ఎక్కడుందో తెలియక ఒక హమాలీ మీదికి పోబోయాను, అతను నన్ను నానా మాటలూ అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా దొరికింది. ఒక గేరు మార్చి వంగి తొక్కానప్పా. చెవుల్లో గాలి తప్ప ఏమీ లేదు. నేను తొక్కుతున్నట్టే లేదు, ఎవరో వెనక చెయ్యి పెట్టి నడిపిస్తున్నట్టుంది. ఘని అంగడి దాటి కూడా ఆపలేక రెండు వీధులు అదనంగా తిరిగొచ్చాను.

దిగినాక నాకు ఒళ్ళు మండింది. ఇంత బాగుందా ఇది! ఇంత బాగుండేదాని మీద నువ్వూ ఇలియాసూ పక్కపక్కన పోతుంటే, ఇక్కడ నేను. పోయిన ఉత్తరంలో నేను రాసిన ముళ్ళూ బురదా పంపూ అన్నీ నిజాలే. వాటిని ఏరి ఏరి నీకు పంపిన బుద్ధి మాత్రం మంచిది కాదు.

అందుకని సలహా మార్చి రాస్తున్నాను. సరదాగా తొక్కేవాడికి ఆ సైకిలు అవసరమా అంటే అవసరం లేదు. సంతోషమా అంటే సంతోషం. నీకు ఆశగా ఉంటే కొనుక్కో. ఎక్కి చూడకుండా కొనొద్దు, నీ చెయ్యి పొడవుకు సీటు సరిగ్గా పెట్టించుకో, వెడల్పు టైరు పట్టే రకం ఉందేమో అడుగు. నన్ను అందుకోవాలని మాత్రం కొనొద్దు. అందుకోవాలని తొక్కొద్దు. డాక్టరు మాట విను, ఎత్తు వస్తే దిగి నడువు, సిగ్గు పడేదేమీ లేదు. ఇంకొక్కటి అడుగుతాను, వద్దంటే వద్దను. నల్ల సైకిలు బెంగళూరు వాడికి ఇవ్వొద్దు. దాన్ని ఇంట్లోనే పెట్టుకో, ఎందుకని నన్ను అడగొద్దు.

ఇలియాస్ గారికి నా నమస్కారాలు. ఈ వాక్యం నేనే, ఎవరూ చెప్పకుండా రాశాను.

నీ,
ఉమాశంకర్

తా.క.: కవరు అంటించబోతే మునీశ్వరి లాక్కుని చదివింది. అసలు ముక్క రాయకుండా దీన్ని డబ్బాలో వేస్తే నేనే బస్సెక్కి కుప్పం పోయి ఆయప్పకు సెప్పొస్తా, ఆయనకు ఏమన్నా అయితే ఆ పాపం నీదే అని తలుపు దగ్గర నిలబడి ఉంది. కాబట్టి రాస్తున్నాను. నువ్వు పోయినాక ఒక్క ఆదివారం కూడా నేను పుంగనూరుకు సైకిలు తొక్కలేదు. మొదటి వారం బయలుదేరాను. ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు పోయి, ఏదో చెప్పబోయి పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. అక్కడి నుంచే వెనక్కి తిప్పేశాను. నాకు చాతకాలేదని నీకు రాద్దామని కూర్చుంటే నీ మొదటి కార్డు వచ్చింది, ఇలియాస్ అని మంచి జత దొరికిందని. ఇంక రాయడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆరు గంటల బస్సెక్కుతున్నాను. పుంగనూరుకు బస్సుకు గంట పడుతుంది. నువ్వు నమ్మాలని దానికి ఇరవై నిమిషాలో, పాతికో నేనే కలిపి రాస్తున్నాను. ఇన్ని వారాలుగా నువ్వు నాతో పోటీ పడలేదు దేవరాజులూ, బస్సుతో పడ్డావు. ఏ సైకిలు కొన్నా అది అందదు. నన్ను తిట్టాలంటే తిట్టు, మాట్లాడటం మానెయ్యాలంటే మానెయ్యి, ఆ ఎత్తు మీద మాత్రం నిలబడి తొక్కొద్దు. ఈ సంగతి ఇలియాస్‌కు చెప్పొద్దు.