కరియతో పాటు అత్త పస్తు

ఎమ్మిగనూరు, బుధవారం.

ఏటా చేయించే రక్తపరీక్ష కోసం మా కుక్క కరియను ఈ రోజు పరగడుపున ఆదోని తీసుకుపోయాం. అత్త తినే సంగటిలో చివరి ముద్ద ఎప్పుడూ కరియదే. దానికి పెట్టకుండా తినలేక, రాత్రి ఆమె కూడా పస్తు పడుకుంది.

తీరా అక్కడ కరియకు సూది గుచ్చుతుంటే అత్త కళ్లు తిరిగి కూలబడింది. డాక్టరు నీళ్లు తాగించి, "పెద్దమ్మా, నువ్వెప్పుడన్నా సూపించుకున్యావా?" అన్నాడు.

ఏడాదిగా మగ్గం మీద కళ్లు తిరుగుతున్నా, సూదంటే ఒప్పుకోని మనిషి! సాయంత్రం కరియ రిపోర్టు బాగుందని ఫోన్ రాగానే నాతో, "మూగజీవమే కిమ్మనకుండా పొడిపించుకునింది. నాకూ సూపియ్యి పాపా" అంది.

నా వల్ల కానిది కరియ వల్ల అయింది. దాని కడుపు చల్లగుండ!

రేపు అత్త పరగడుపున పరీక్షకు పోవాలి. ఆమె ముద్ద పెట్టందే కరియ తినదు. పాపం, రేపూ దానికి పస్తే.