మూడు రోజులకోసారి నల్లా

మార్చి 4

సుగుణ నిన్న పోయింది.

మధ్యాహ్నం మూడింటికి నల్లా వచ్చింది, మూడు రోజుల తరువాత. నేను కాలేజీలో ఉన్నాను. బరువులెత్తొద్దని ఆమెకు గుండె డాక్టరు చెప్పి నెల కాలేదు. గోలెం నింపింది. రెండు డ్రమ్ములు నింపింది. తరువాత బిందె ఎత్తుతూ పడిపోయింది. పక్కింటి ఎల్లవ్వ ఫోను — "జల్ది రా సారూ... అక్క లేస్తలేదు." కరీంనగర్ దవాఖాన చేరేలోపే అయిపోయింది. ఇరవై ఆరేళ్ల కాపురం.

మార్చి 5

ఆమె పట్టిన నీళ్లతోనే నిన్న ఆమెకు స్నానం. శవం లేచాక మిగిలినవన్నీ ఆడవాళ్లు వాకిట్లో పారబోశారు. ఆపబోయాను.

"మైల సారూ. గింత సదువుకున్నవ్, గిది ఎర్కలేదా?" — ఎల్లవ్వ.

కాటి నుంచి వచ్చి స్నానాలు చేయడానికి చుక్క లేదు. రైస్‌మిల్లు సేటు ట్యాంకర్ పంపాడు. మా చెరువు నీళ్లే. చెరువులో అతనికి సొంత మోటారుంది.

మార్చి 9

నిద్ర లేదు.

మార్చి 15

కాలేజీకి వెళ్లాను. ఏటా చెప్పే పాఠమే — ఏ దేశం నీళ్లను ఎలా పంచుకుంటుంది. మన దగ్గర చాలావరకు పొలాలకు. జర్మనీలో ఎక్కువ పరిశ్రమలకు. బ్రిటన్‌లో ఇళ్లకు. ముందు బెంచీ అమ్మాయి లేచింది... "మన ఊర్ల ఎవలు పంచుతరు సార్?"

గంట కొట్టారు. బతికిపోయాను.

పంచింది నేను. పొలాలకూ నల్లాలకూ ఆ చెరువే. జనవరిలో సగమే ఉంది. తూము నీళ్లు రెండో పంట యాసంగి వరికి, ఇళ్లకు కోతల దాకా మూడు రోజులకోసారి — పంచాయతీకి ఆ కాగితం రాసింది నేను. సంతకాలన్నీ మగవాళ్లవే. బిందె మోసేవాళ్లను ఒక్కరినీ అడగలేదు. సుగుణ చదివి, "అక్షరాలు మంచిగున్నయి" అంది. అంతే.

మార్చి 17

కాగితం వాపసు తీసుకుంటానన్నానని మల్లేశానికి తెలిసింది. సొంత తమ్ముడు. వాకిట్లోనే నిలబడ్డాడు, కూర్చోలేదు.

"పొట్టకొచ్చిన వరి అన్నా. ఇంక రెండు తడులు. ఎండితే మల్ల దుబాయికే నేను."

నీళ్ల చెంబు అందించాను. తీసుకోలేదు.

"మిల్లోని మోటరు బందు పెట్టియ్యరాదు? నీ కలం మామీదనే నడుస్తదా?"

మిల్లుకు నా కాగితంతో పనే పడలేదు.

పోతూ... "వదినె ఉంటే గిట్ల చెయ్యనిచ్చునా?"

చెయ్యనిచ్చేది కాదు. నిజం.

మార్చి 18

నల్లా రోజు. నా బిందె నేనే పట్టాను. ఎల్లవ్వ కోడలికి ఏడో నెల. చంకన బిందె, చేతిలో బకెట్. "జర ఆగు బిడ్డా" అన్నాను. "ఆగితే నల్లా ఆగుతదా సారూ?" — నవ్వింది.

రేపు పొద్దున పంచాయతీ ఆఫీసు తెరవగానే వెళ్తాను. తూము మూసి నల్లా రోజూ వదలమని రాసిస్తాను. మల్లేశం పొలం గట్టు మీదుగానే నడవాలి. వేరే దారి లేదు.