క్యారేజీలో పాల పంచాయితీ

కొత్తగూడ, సోమవారం

మియాపూర్ భూలక్ష్మి వదినగారికి,

ఇక్కడ మేమందరం మేలుకునే ఉన్నాం. అక్కడ మీరూ అన్నయ్యగారూ హాయిగా నిద్రపోతున్నారని తలుస్తాను.

మనిద్దరం ఫోనులో మాట్లాడుకోకూడదని మీ అబ్బాయి నితీష్ కట్టడి చేశాడు కదా. మనవడి ముక్కు ఎవరి పోలిక అని మొన్న మనం మాట్లాడుకున్నది పక్క ఫ్లాటువాళ్లకు కూడా వినబడిందట. అందుకే, మా దివ్య కోసం మీరు రోజూ అన్నయ్యగారి స్కూటరు మీద పంపే క్యారేజీలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను.

మన మనవడు లోహిత్‌కు తాగిన పాలు నిలవడం లేదు. తాగడం, కక్కడం, వెనక్కి విరుచుకుని ఏడవడం, ఇదే వరస. నిన్న నితీష్ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆఫీసు మీటింగులో కూర్చుంటే లాప్‌టాప్ మీదే కక్కాడు. డాక్టరు కృష్ణప్రియగారు చూసి, పాలు పడటం లేదేమో అన్నారు. వాడు తాగేది తల్లిపాలే కనుక తల్లి తిండిలో పాలు ఉండకూడదట. రెండు వారాల్లో తగ్గకపోతే తల్లిపాలు ఆపి, ఏదో ప్రత్యేకమైన డబ్బాపాలు పట్టాలట. ఆ మాట విన్న దగ్గర్నుంచి దివ్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నా బిడ్డకు నా పాలే పనికిరావా అని దాని బాధ.

మీరు పంపిన పాలకోవా తిప్పి పంపుతున్నాను. ఏమీ అనుకోకండి.

మీ గంగమ్మ

తా.క. కోవా మేము ముట్టలేదు. దారిలో తగ్గితే అన్నయ్యగారిని అడగండి.

---

మియాపూర్, మంగళవారం

గంగమ్మ వదినెకు,

ఉత్తరం అందింది. కోవా సగమే అందింది.

హాయిగా నిద్రపోతున్నామని రాశారు. మనవడు కక్కుతుంటే ఏ నానమ్మకు నిద్రపడుతుంది? మీ అన్నయ్యకు చదివి వినిపిస్తే ఆయన కూడా పరేషాన్ అయ్యాడు. "ఏందే, పాలు తాగే పోరనికి పాలు పడకపోవుడేంది?" అన్నాడు. ఇక్కడ అపార్టుమెంట్లు లేవకముందు మా వాకిట్లో బర్రెలుండేవి. మా పిల్లలందరినీ ఆ పాలతోనే పెంచాను. మా వంశంలో ఈ రోగం లేదు. మరి ఎటువైపు నుంచి వచ్చిందో నేను అనను, మీరే ఆలోచించుకోండి.

అయినా డాక్టరమ్మ మాట కాదనే మనిషిని కాను. ఈ రోజు క్యారేజీలో పాలు ఒక్క చుక్క కూడా లేవు. పప్పులో నెయ్యి మాత్రం దండిగా పోశాను. పెరుగన్నం కలిపాను, మజ్జిగ చారు కాచాను. బాలింత కడుపు చల్లగా ఉండాలి కదా.

భూలక్ష్మి

తా.క. నితీష్ కూడా చిన్నప్పుడు కక్కేవాడు. ఇప్పుడు ఏమైంది వాడికి? టీమ్ లీడర్ అయ్యాడు.

---

కొత్తగూడ, బుధవారం

వదినగారికి,

బర్రెలు మేపిన ఇంటివారికి పాలంటే ఏమిటో నేను చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పెరుగు పాలే. మజ్జిగ పాలే. నెయ్యి కూడా వద్దన్నారు.

దివ్య సగం పెరుగన్నం తిన్నాక గానీ నేను చూసుకోలేదు. కాసేపటికి బిడ్డ కక్కాడు. ఇక చూడండి, "ఏంది మా, చూసి పెట్టగూడదా? నా బిడ్డను నేనే చంపుకుంటాండా?" అని దీని ఏడుపు బిడ్డ ఏడుపును మించిపోయింది. నేనేం చెప్పను? అది మీ అత్తగారి ప్రేమ అని చెప్పాను.

పాలు తాగాక అరగంటసేపు వాణ్ణి భుజాన నిలబెట్టుకోమన్నారు. ఆ పని నాది. వంట కూడా నేనే చేసుకుంటాను. దయచేసి ఇక క్యారేజీ పంపకండి.

గంగమ్మ

తా.క. నితీష్ ఇంకా టీమ్ లీడర్ కాలేదు. అవుతానని మీకు చెప్పాడట.

---

మియాపూర్, శనివారం

గంగమ్మగారికి,

క్యారేజీ మానేయమన్నారు, మానేశాను. ఈ ఉత్తరం ఖాళీ గిన్నెలో పెట్టి పంపుతున్నాను. మనవడి ఇంటికి నా చేతి తిండి రాకూడదన్నమాట. పెళ్లిలో మా సకినాలు గట్టిగా ఉన్నాయని మీవాళ్లు అన్నప్పుడే నేను అర్థం చేసుకోవాల్సింది.

మీ వంట సంగతి కూడా తెలిసింది. "పిల్ల సగమైంది, గాలొస్తే పడేటట్టున్నది" అని మీ అన్నయ్య చూసి వచ్చి చెప్పాడు. ఇక ప్రతి ఆదివారం నేనే వస్తాను. మోకాళ్లు సహకరించకపోతే ఏమైంది, మీకు లిఫ్టు ఉంది.

భూలక్ష్మి

తా.క. సకినాలు గట్టిగా లేవు.

---

కొత్తగూడ, సోమవారం

వదినగారికి,

వచ్చిన రెండు ఆదివారాలూ మీరు వంటింట్లో నాకు అడ్డం తగిలినా, మంచి కబురు మీకే ముందు చెబుతున్నాను. లోహిత్‌కు కక్కడం దాదాపు తగ్గింది. ఏడుపు తగ్గింది, బరువు పెరిగాడు. ఈ రెండు వారాలూ పాల వాసన తగలకుండా ఇంటికి కాపలా కాశాను. బిస్కెట్టును కూడా గడప దాటనివ్వలేదు. దివ్యకు నీరసం రాకుండా మందుల షాపులో బాలింతల బలం పొడి కొన్నాను. షాపతను పాలలో కలపమన్నా వినకుండా, పొద్దునా సాయంత్రం వేడినీళ్లలోనే కలిపి తాగించాను.

ఇప్పుడు అసలు బాధ. దివ్యను మళ్లీ పాలు తాగి చూడమన్నారు డాక్టరుగారు. బిడ్డ మళ్లీ కక్కితే పాలే కారణమని తేలుతుందట. ఇది గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది, తాగదు. "వాడు మళ్ల కక్కితే నేను తట్టుకోలేను మా. ఏడాదైనా ఇట్లే ఉంటా" అంటుంది. ఏడాది ఇట్లే ఎండిపోతే దీనికి పాలెక్కడ పడతాయి? బిడ్డకు ఏం ఇస్తుంది? నాకు భయంగా ఉంది, వదినా. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మీ గంగమ్మ

తా.క. సకినాలు బాగానే ఉన్నాయి. కొంచెం గట్టి.

---

మియాపూర్, సోమవారమే, సాయంత్రం

వదినె,

ముందు ఆ గ్లాసు తీసి పక్కన పెట్టండి.

నిన్న మీరు బిడ్డను భుజాన వేసుకుని బాల్కనీలో తిరుగుతుంటే, ఆ పొడి ఏమిటో చూద్దామని చిటికెడు నోట్లో వేసుకున్నాను. పైకి ఏలకుల వాసన గానీ నాలుక మీద పాలపొడిలా అనిపించింది. అంటే గొడవవుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు మీ ఉత్తరం చూసి, నితీష్‌తో ఆ డబ్బా ఫొటో డాక్టరమ్మకు పంపించి అడిగించాను. అది పాలపొడే, వదినె. మీరు ఈ రెండు వారాలూ దివ్యకు రోజూ రెండు పూటలా పాలే తాగించారు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయిందట. తల్లి రోజూ ఆ పాలపొడి తాగుతున్నా బిడ్డ బాగుపడ్డాడంటే ఇక పాల తప్పు లేదట. పసిపిల్లల్లో తాగినవి పైకి పొంగడం మామూలేనట, కూర్చునే వయసు వచ్చేసరికి పోతుందట. దివ్యను అన్నీ తినమన్నది. పాలు కూడా ఇవ్వమన్నది, తన పాలే. శుక్రవారం ఒకసారి చూపించమన్నది.

పాలు తాగించిందీ మీరే, కక్కు తగ్గించిందీ మీ భుజమే. మొదట బాగా నవ్వాను. తరువాత, పాలు తాగిన ప్రతిసారీ అరగంట వాణ్ణి మోసిన మీ భుజం ఎంత నొప్పి పెట్టిందో అనుకుంటే ఏడుపొచ్చింది.

మీ భూలక్ష్మి

తా.క. ఈ పొడి సంగతి ఎవరికీ చెప్పను. నితీష్‌కు, మీ అన్నయ్యకు, బోరబండలో మా చెల్లెలికి తప్ప.

ఇంకో తా.క. మనవడికి నయమయ్యేదాకా చాయ్‌లో పాలు పోసుకోనని పోచమ్మకు మొక్కుకున్నాను. ఇన్నాళ్లూ నల్ల చాయ్ తాగలేక తల పగిలి, ఆ కోపమంతా మీ మీదే రాశాను. రేపు పొద్దున్నే వస్తున్నాను. జర చిక్కటి చాయ్ పెట్టండి వదినె, మీ చేతి చాయ్‌తోనే మొక్కు తీర్చుకుంటాను.