మూడంగుళాల పైపు

జూన్ 9, ఆదివారం

బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. అక్కడ నువ్వూ చెల్లెమ్మా బాగున్నారని వాళ్లనోటా వీళ్లనోటా వింటూనే ఉన్నాం. ఎనిమిదేళ్లుగా గుర్తురాని బావమరిది ఇవాళెందుకు గుర్తొచ్చాడా అనుకుంటావు. విషయం పంపుది. మనిద్దరి మధ్యా వేరే విషయం ఎప్పుడుంది గనక.

ఆస్పత్రి పంపుహౌసు నువ్వు వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తలుపు పక్కన అదే తడి మరక, మేకుకు వేలాడే అదే రిజిస్టరు. పంపు చప్పుడు కూడా మారలేదు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు. ఇన్నేళ్లలో పదకొండు ఇంపెల్లర్లు మార్చాను. ఆ రెక్కల చక్రం తీసిన ప్రతిసారీ చెదలు తిన్న చెక్కలా గుంటలు పడి ఉండేది. మూడో అంతస్తుకు నీళ్లెక్కని రోజుల్లో ఆయాలు బకెట్లు మోశారు. మోస్తూ నిన్ను తిట్టుకునేవాళ్లు. ఈ పంపు బిగించింది నువ్వనీ, బిగింపు సరిగ్గా లేదనే నిన్ను పనిలోంచి తీసేశారనీ వాళ్లందరికీ తెలుసు.

ఈమధ్య కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. మాటల మనిషి కాదు. పంపు నీళ్లు లాగే వైపు ఒక మీటరు బిగించి ముల్లు చూసింది. సంపు నుంచి వచ్చే పైపు ఎంత అని అడిగింది. పాత కాగితంలో నాలుగంగుళాలని నీ చేతిరాతతో ఉంది. అయితే నేల తవ్వి చూద్దామంది. కాంక్రీటు పగలగొట్టడం దేనికి, రెండు నెలల్లో నేను రిటైరవుతాను, ఆ తర్వాత తవ్వుకోండి అన్నాను. వినలేదు. గురువారం తవ్వించింది. మూడంగుళాల పైపు బయటపడింది.

పంపు తనంతట తాను ఎంత నీరైనా లాక్కుంటుందనుకోవడం పొరపాటని, దానికి నీళ్లు అందాలని ఆవిడ అందరికీ చెప్పింది. ఒక్క అంగుళం తగ్గితే పైపులో నీటి వేగం దాదాపు రెండింతలు, రాపిడి నాలుగింతల పైమాట. ఆ ఇరుకులో ఒత్తిడి పడిపోయి నీళ్లలో బుడగలు పుడతాయి. అవి రెక్కల దగ్గర పగిలి ఇనుమును కొరుక్కు తింటాయి. మనం విన్న గులకరాళ్లు అవేనట.

ఇవి నాకు కొత్త మాటలు కావు. ఇదే గదిలో నువ్వు సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పావు, పంపు నోరు మూడంగుళాలైనా లాగే పైపు ఒక సైజు పెద్దదే ఉండాలని. పంపు నోరెంతో పైపంత అని మా మేస్త్రీ నేర్పాడు. ఆయన శిష్యులం, మేం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పగలబడి నవ్వాం. నీకు కొలతబద్ద అని పేరు పడింది ఆ రోజే. పెట్టింది నేనే.

శుక్రవారం నాలుగంగుళాల పైపు వేశాం. స్విచ్చి వేస్తే మోటారు గాలి తప్ప వేరే చప్పుడు లేదు. పంపు తిరగడం లేదేమోనని చెయ్యి ఆనించి చూశాను. తిరుగుతోంది. గంటన్నరకు నిండే ట్యాంకు యాభై నిమిషాల్లో నిండింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఆ గదిలో నిలబడబుద్ధి కాలేదు, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఇంజనీరమ్మ రిపోర్టు రేపు పైవాళ్లకు వెళుతుంది. మూడంగుళాల పైపు వేసినవారు అన్న గడి ఒకటి ఖాళీగా ఉంచింది. పాత ఫైలులో నీ పేరే ఉంది కదా, అదే రాయమంటారా అని నన్ను అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. ఆ గడిలో నీ పేరు పడితే ఇక ఆస్పత్రి గడప తొక్కనివ్వరు. పడకపోతే, నేను దిగిపోయాక పంపుహౌసు పనికి నిన్నే పిలుస్తానంది. నీ చేతిరాత లెక్క చూసి ముచ్చటపడింది. నువ్విప్పుడు ఇళ్లల్లో కుళాయిలకు వాషర్లు మారుస్తున్నావని విన్నాను. అదేం తక్కువ పని కాదు. కానీ నీకున్న పనితనానికి తగింది కాదు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఆ పైపు వేసింది నేను. చెల్లెమ్మకు జ్వరమని నువ్వు రెండ్రోజులు సెలవు పెట్టినప్పుడు, నువ్వు వేసిన నాలుగంగుళాల పైపు తీసేసి నాకు తెలిసిన సైజు వేశాను. పదిమందిలో నువ్వు నవ్వులపాలు కాకుండా కాపాడుతున్నాననే అనుకున్నాను. నువ్వు వచ్చేసరికి కాంక్రీటు కూడా పోసేశాను. చప్పుడు మొదలైన వారానికి అనుమానం వచ్చింది, ఏడాదికి రూఢి అయింది. నిన్ను తీసేసిన రోజున ఒక్కసారి తవ్వి చూడండని సూపరింటెండెంటును బతిమాలావు. నావైపు చూశావు. నేను రిజిస్టరులోకి చూస్తూ నిలబడ్డాను.

ఇవాళ పొద్దున ఇంజనీరమ్మ ఇంటికి వెళ్లి ఆ గడిలో నా పేరు రాసి, సంతకం పెట్టి వచ్చాను. తర్వాత ఈ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. ఆఖర్న రాసింది మొదట రాయాల్సింది, అదీ ఎనిమిదేళ్ల కిందట, అంది. ముందు గదిలో నీ మంచం వాల్చి దులుపుతోంది. నువ్వు నాకోసం రానక్కర్లేదు, మీ అక్క కోసం రా.