గ్లాసుల దాచిన రాళ్లవాన

తార్నాక, ఏప్రిల్, మంగళవారం

ఫోన్‌ల వాతావరణ సూచనల చిరుజల్లులే అన్నరు. మధ్యాహ్నం క్యాంపస్‌ల రాళ్లవాన కొట్టింది. వడగండ్లు ఎట్ల తయారైతయో నేను అప్పుడే క్లాసుల చెప్తున్న: చినుకును గాలి పైకి ఎత్తుకపోతది, అది గాడ గడ్డకడుతది, కిందికి దిగబోతే గాలి మళ్ల ఎత్తుతది, పొర మీద పొర పేరుకుంటది. ఇగ గాలి మోయలేనంత బరువైనంకనే పడుతది.

పిల్లలంత బయటికి ఉరికి రాళ్లు ఏరుకున్నరు. లత ఒక్కతే వరండాల నిలబడి ఊరికి ఫోన్ కలుపుతున్నది. "మా వరి కోతకొచ్చింది మేడం. నాయిన ఫోన్ ఎత్తుతలేడు," అన్నది.

ఎనిమిదేండ్లప్పుడు నేను గూడ గట్లనే ఏరిన. నాయినకు చూపియ్యాలని స్టీలు గ్లాసుల దాచిపెట్టిన. ఆయన పొలం కాడికెళ్లి తడిసి వచ్చేసరికి అవి నీళ్లయినయి. ఏడ్చిన. నాయిన ఆ గ్లాసు తీసుకొని మొత్తం తాగి, "మస్తు సల్లగున్నయి బిడ్డా," అన్నడు. ఎంత సంబురపడ్డనో.

ఆ యాసంగి పంటల మా ఇంటికి వడ్లు రాలే. ఏడాదంతా బియ్యం కొనుక్కొని తిన్నం.

ఇన్నేండ్లు ఆ గ్లాసు, ఆ కొన్న బియ్యం రెండూ నాకు వేరువేరు సంగతుల లెక్కనే యాదికున్నయి.