వంటింటి తలుపు ఎక్కడుండాలి

అక్కకు,

తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం క్షేమం. రంపపు పొట్టు వల్ల వచ్చే తుమ్ములు తప్ప వేరే జబ్బులు లేవు. నువ్వూ అక్కడ వేళకు తిని, వేళకు నిద్రపోతున్నావని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. “మెసేజీ పెట్టొచ్చు కదా నాన్నా, పేజీలు పేజీలు ఎందుకు” అంటోంది నీ మేనకోడలు. ఇది మెసేజీలో పట్టదు. తీరిగ్గా కూర్చుని చదువు.

నాలుగు తలుపులు, మూడు గదుల నేల మార్చడానికి నాలుగు నెలలా, అక్కడేమైనా ఓడ కడుతున్నారా అని అడిగావు. ఓడ అయితే ఈపాటికి నీళ్ళలో దిగేది. ఆలస్యానికి కారణం ఇద్దరం, నేనూ, వడ్రంగీ. నా వల్ల జరిగిన ఆలస్యం తెలివితక్కువతనం. అతని వల్ల జరిగింది పనితనం.

పెదవుల కదలిక చూసి మాట పట్టడంలో అక్కడి శిక్షణ కేంద్రంలో, మీ తరగతిలో నువ్వే ముందున్నావని రాశావు. మాకు ఆశ్చర్యం కలగలేదు. చెవులు బాగున్న రోజుల్లోనే నేను నోరు తెరవకముందే విషయం పసిగట్టేదానివి. కుట్టుపని నేర్పే టీచరుగా అక్కడే ఉండిపొమ్మన్నారని, గది కూడా ఇస్తారని, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పాలని రాశావు. “ఇంటికి రావాలనే ఉంది. కానీ వీపు గోడకు ఆనించి కూర్చుని, ఎవరు ఎటు నుంచి వస్తారో చూసుకుంటూ బతకడం ఇక నా వల్ల కాదు” అన్న వాక్యం దగ్గర నీ మరదలు ఉత్తరం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అందుకని నిన్ను రమ్మని ఈ ఉత్తరంలో బతిమాలను. ఇంట్లో ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను. నిర్ణయం నీది.

ముందు నేల సంగతి. టైల్సు చాలవా, నా కోసం చెక్క ఎందుకు అన్నావు. కాంక్రీటు మీద అతికించిన టైల్సు మీద మనిషి నడిస్తే పక్కనున్నవాళ్ళ పాదానికి ఏమీ తెలియదు. చెక్క నేల అయితే అదురు తెలుస్తుంది. వినికిడి లేనివాళ్ళకు అది మేలని ఒకచోట చదివి, తెలిసినవాళ్ళను ఇద్దరిని అడిగి రూఢి చేసుకున్నాను. అంతవరకు సవ్యంగానే ఉంది. తర్వాత కొట్టుకు వెళ్ళాను. కొట్టతను చెక్క పలకల కింద పరిచే మెత్తటి ఫోమ్ షీటు ఒకటి చూపించి, “ఇది వేయించండి సార్, ఏనుగు నడిచినా చప్పుడు రాదు” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా విలేకరిగా ఎదుటివాడి మాటలో మెలిక వెతకడమే నా ఉద్యోగం. అతని మాటలో మెలిక లేదు. ఉన్నవాటిలో మందమైనది ఇవ్వమన్నాను. అడుగు తెలియాలని చెక్క కొని, తెలియకుండా దాని కింద పరుపు వేయించాను. కొట్టువాళ్ళ మనుషులు వచ్చి రెండు గదులు పూర్తి చేసి వెళ్ళేదాకా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

తలుపుల కోసం వచ్చిన వడ్రంగి ఆ తప్పు పట్టాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచన. ఏ కొలత తీసినా రాసుకుని, “మళ్ళీ” అని టేపు రెండోసారి పట్టిస్తాడు. రెండు అంకెలూ కలిస్తేనే పెన్సిలు చెవి మీద పెట్టుకుంటాడు. నీ మేనకోడలు అతనికి మళ్ళీ మేస్త్రీ అని పేరు పెట్టింది. ఒకరోజు అతని ముందే నోరు జారింది. “పర్లేదమ్మా, మా ఆవిడ పెట్టిన పేరు కంటే ఇది చాలా నయం” అన్నాడు.

తలుపు ఏ డిజైను కావాలని అతను అడగలేదు. “ఈ గదిలో ఉండేదెవరు? ఏం పని చేస్తారు? ఎటు తిరిగి కూర్చుంటారు?” అని అడిగాడు. చెప్పాను. వింటూనే వంగి, నేల మీద అరచెయ్యి ఆనించి నన్ను నడవమన్నాడు. మళ్ళీ నడవమన్నాడు. లేచి చేతులు దులుపుకుంటూ, “ఈ నేల ఎవరి కోసం వేయించారు సార్?” అన్నాడు.

“మా అక్క కోసమే.”

“మీరు వస్తున్నట్టు ఆవిడకు తెలియకూడదనా?”

మర్నాడు దూది తెచ్చుకున్నాడు. చెవుల్లో కుక్కుకుని, పైన తువ్వాలు బిగించి కట్టుకుని, నీ కుర్చీలో నీలాగే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మేం ముగ్గురం వంతులవారీగా వెనక నుంచి నడవాలి. మనిషి వస్తున్నట్టు తెలిస్తే అతను చెయ్యి ఎత్తాలి. పన్నెండు నడకలు నడిచాం, నోటు పుస్తకంలో రాశాను. చెయ్యి లేచింది ఒక్కసారే. అదీ నీ మరదలు దగ్గినప్పుడు. “దూది సరిగా కుక్కలేదు, అది లెక్కలోకి రాదు” అని అతనే కొట్టేయించాడు.

రెండు గదుల చెక్కా లేపించాడు. కింద అడ్డంగా కర్రలు పరిచి, వాటి మధ్య ఖాళీ వదిలి, అవే పలకలను కర్రల మీద మేకులతో బిగించాడు. మూడో గదికీ అలాగే వేశాడు. మొత్తం పదకొండు రోజులు పట్టింది. తర్వాత అదే కుర్చీ, అదే దూది, పన్నెండు నడకలు. పన్నెండుసార్లూ చెయ్యి లేచింది. అంతటితో ఆగలేదు, వచ్చింది ఎవరో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. “ఇది అమ్మగారు. ఇది పాప, ఆగి ఆగి వస్తోంది, నన్ను మోసం చేద్దామని. ఇది సారు, ఎడమ కాలు ఈడుస్తారు.” తొమ్మిది సరిపోయాయి. నేను ఎడమ కాలు ఈడుస్తానని యాభై నాలుగేళ్ళ వయసులో తెలిసింది. నీ మరదలు మాత్రం పెళ్ళైన వారానికే కనిపెట్టానంది.

నీ కుట్టు మెషిన్‌తో ఒక చిక్కు వచ్చింది. మోటారు తిరుగుతున్నప్పుడు నేలంతా సన్నగా అదురుతోంది, అందులో అడుగుల అదురు కలిసిపోతోంది. ఆ మధ్యాహ్నం వడ్రంగి అన్నం కూడా మెషిన్ ముందే కూర్చుని తిన్నాడు. మర్నాడు దాని కింద నేలను చాప వెడల్పున కోసి విడదీశాడు. ఆ ముక్క చుట్టూ వేలెడంత సందు వదిలి, కింద ఏం వేశాడో తెలుసా, నేను తెచ్చిన ఆ ఫోమ్. ఇప్పుడు మెషిన్ అదురు ఆ ముక్క దాటి బయటికి రాదు. కుడికాలు పెడల్ మీద ఉంటుంది, ఎడమకాలు ఇవతల నేల మీద ఉంటుంది. వచ్చేవాళ్ళ సంగతి ఎడమకాలు చెబుతుంది. నేను ఎందరో ఇంజనీర్లతో మాట్లాడి వార్తలు రాశాను. ఒకడి తప్పును పారేయకుండా దాన్నే పనిలో పెట్టినవాణ్ణి ఇతన్నే చూశాను.

మెషిన్ నీ మేనకోడలు వాడుతోందా అని అడిగావు. ఒక్కసారి వాడింది. స్కర్టుకు అంచు కుట్టబోయి రెండు పొరలూ కలిపి కుట్టేసింది. ప్రస్తుతం దాన్ని మేకులు వేసుకునే సంచిగా వాడుతున్నాం.

ఇక నీ గది తలుపు. ద్వారబంధం పాతదే, చెక్క గట్టిగా ఉందని ఉంచేశాడు. రెక్క కొత్తది. కింద సగం చెక్క, పై సగం అద్దం. అద్దానికి లోపల తెర ఉంది, వేసుకోవడం తీయడం నీ ఇష్టం. ముఖ్యమైన మార్పు బందులది. ఇదివరకు తలుపు తెరిస్తే రెక్క నీకూ వచ్చేవాళ్ళకూ మధ్య అడ్డంగా నిలబడేది. మనిషి గదిలోకి పూర్తిగా వచ్చాక కానీ నీకు కనబడేది కాదు. అతను బందులను రెండో వైపుకు మార్చాడు. ఇప్పుడు తలుపు జానెడు తెరుచుకోగానే వచ్చేవాళ్ళ భుజం నీ కంటి చివర పడుతుంది. ఇన్నేళ్ళుగా ఆ తలుపు నేనే రోజుకు పదిసార్లు తెరిచాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పుడు వంటింటి గురించి రాయాలి. నీ చెయ్యి కాలింది అక్కడే కాబట్టి అది చివరికి ఉంచాను. నీ ఉత్తరం ఆఖరి పేజీలో “ఆ రోజు నా అజాగ్రత్తే, ఇల్లు మార్చడానికి మీరెందుకు అంత శ్రమ పడతారు” అని రాశావు. దానికీ ఇక్కడే జవాబు ఉంది.

పొయ్యి ముందు నిలబడితే తలుపు నీకు కుడిపక్కన, కిటికీ ఎడమపక్కన. తలుపును ఎదురుగోడకు మార్చాలని, నువ్వు వంట చేస్తూ వచ్చేవాళ్ళను చూడగలగాలని నా ఆలోచన. గోడ పగలగొట్టాలి. సుద్దతో గీత కూడా గీశాను. వడ్రంగి గీత వైపు చూడకుండా, “అసలు ఆ రోజు ఏం జరిగింది సార్?” అన్నాడు. ఏడాదిగా అందరికీ చెబుతున్నదే చెప్పాను. నీళ్ళ కోసం తలుపులోంచి వచ్చాను, అక్క చూసుకోలేదు, బెదిరి తిరిగింది, గిన్నె ఒలికింది.

అతను చెవుల్లో దూది పెట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. నీళ్ళ కోసం రమ్మన్నాడు. వెళ్ళాను. చెయ్యి ఎత్తాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఎత్తాడు. మూడోసారి కూడా అంతే. దూది తీసేశాడు.

“తలుపు వైపు నుంచి వస్తే కనబడుతున్నారు సార్. కుడి కంటి చివర పడుతున్నారు. కిటికీ వైపు వెనక మూల నుంచి వస్తేనే కనబడరు. కానీ అటు వెళ్ళాలంటే ఆవిడ వెనక నుంచి గోడవారగా దాటాలి. నీళ్ళ ఫిల్టరు ఇటు తలుపు పక్కనే ఉంది. నీళ్ళకొచ్చినవాళ్ళు అటెందుకు పోతారు?”

నేను సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

“తప్పు పట్టడం లేదు. ఎటు నుంచి వచ్చారో తెలిస్తేనే ఏం మార్చాలో నాకు తెలుస్తుంది. లేకపోతే మంచి గోడ ఊరికే పోతుంది.”

అతనికి చెప్పాను. నీకు చెప్పకముందు అతనికి చెప్పవలసి వచ్చింది. అదొక తప్పు. అసలు తప్పు ఇది.

రెండు ఆసుపత్రుల రిపోర్టులూ నీ రెండు చెవులూ పూర్తిగా పోయాయనే చెప్పాయి. నాకు చాలలేదు. అంతకు ముందు వారం నీ మరదలు పిలిస్తే నువ్వు తిరిగి చూశావు. ఏ మూలో కొంచెం మిగిలిందేమోనని ఆశపడ్డాను. ఎవరు చెప్పినా సొంతంగా సరిచూసుకునే అలవాటు కూడా తోడైంది. నిన్ను అడిగి చేయవలసిన పరీక్ష నీకు తెలియకుండా చేశాను. స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుని, చెప్పులు విప్పి, నువ్వు గిన్నె మీదికి వంగినప్పుడు చూసి, నీ వెనక నుంచి గోడవారగా దాటి కిటికీ వైపు చేరాను. నీ ఎడమ చెవికి మూరెడు దూరంలో కొట్టాను. నువ్వు కదల్లేదు. రిపోర్టులు నిజమని అక్కడికి తేలిపోయింది. ఆగలేదు. ఇంకా దగ్గరికి వచ్చి రెండోసారి కొట్టాను. గరిటె గాలి తగిలిందో, నీడ పడిందో, నువ్వు ఒక్క ఉదుటున తిరిగావు. చెయ్యి గిన్నె పిడికి తగిలింది. మరిగే నీళ్ళు నీ మణికట్టు మీద పడ్డాయి.

చెయ్యి చల్లటి నీళ్ళ కింద పెట్టుకుని నువ్వు నా మొహంలోకి చూశావు. నేను నీతో మాటలు రాసి చూపించుకునే పలక తీసి, “నీళ్ళ కోసం వచ్చాను” అని రాసి చూపించాను. ముప్పై ఏళ్ళుగా రాతే నా బతుకు. అబద్ధమని తెలిసి రాసింది ఆ ఒక్క వాక్యమే. నువ్వు మంచి చేత్తో దాని కింద, “నేనే చూసుకోవలసింది, నిన్ను హడలగొట్టాను, ఏమీ అనుకోకు” అని రాశావు. ఆ తర్వాతే నువ్వు గోడకు వీపు ఆనించి కూర్చోవడం మొదలైంది. ఇల్లు నిన్ను భయపెట్టిందని అందరం అనుకున్నాం. భయపెట్టింది నేను.

అంతా విని వడ్రంగి సుద్దగీతను తడిగుడ్డతో తుడిచేశాడు. “ఇది నాకు కాదు, ఆవిడకు చెప్పాల్సింది. సరే, గోడ మిగిలింది” అన్నాడు. తలుపు ఉన్నచోటే ఉంచాడు. కిటికీ వైపు మనిషి దూరే సందును నేల నుంచి నడుము ఎత్తు దాకా అల్మరాతో మూసేశాడు. పప్పుల డబ్బాలు అందులో పట్టాయి. ఇక ఆ వంటింట్లో నీ వెనకగా దాటి ఎవరూ నిలబడలేరు. నేను కూడా.

ఆ సాయంత్రమే నీ మరదలికి చెప్పాను. కూర కోయడం పూర్తి చేసి, కత్తిపీట పక్కకు జరిపి అడిగింది.

“వదినకు ఎప్పుడు చెబుతారు? వచ్చాకా, రాకముందా?”

“వచ్చాక, ఎదురుగా కూర్చుని చెబితే…”

“అక్కడి ఉద్యోగం వదులుకుని వచ్చాక చెబుతారన్నమాట. బాగుంది.”

ఆ తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె అన్నది సరైనదే కనుక ఈ ఉత్తరం ఈ రోజు పోస్టు చేస్తున్నాను. నెలాఖరుకు ఇంకా పదహారు రోజులున్నాయి.

అక్కడే ఉంటానంటే ఆ గది నీ పేరునే ఉంటుంది, సెలవులకు వద్దువుగాని. వస్తానంటే స్టేషనుకు నేను రావాలో, నీ మరదలు రావాలో కూడా రాయి. ఏది రాసినా, క్షమించానని మర్యాద కోసం మాత్రం రాయకు. నువ్వు అటువంటి మనిషివని నాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. ఆ రోజు పలక మీద నువ్వు నన్ను ఏమీ అనుకోవద్దన్నావు. ఆ మాట రాయవలసింది నేను. ఏడాది పాటు దాన్ని నాదగ్గరే ఉంచుకుని తిరిగాను. నీ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. నువ్వు నన్ను ఏమైనా అనుకోవచ్చు.

ఇట్లు,
నీళ్ళ కోసం రాని
నీ తమ్ముడు