పాత బ్యాటరీల పెట్టె

జూన్ 24
ఎకో క్లబ్ నా నెత్తిన పడింది. లెక్కల మాస్టారికి నడుం నొప్పి, ఇంగ్లిష్ టీచర్‌కి చంటిపిల్ల. ఇక మిగిలింది సైన్స్ చెప్పే నేనే. ప్రిన్సిపాల్ గారు సస్టైనబుల్ డెవలప్‌మెంట్ అంటూ ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టారు. రెండు పేజీలకే నాకు నిద్రొచ్చింది. ఇది చదివి వినిపించేకంటే పిల్లల చేత ఏదో ఒక పని చేయించడం మేలు. మెట్ల కింద అట్టపెట్టె పెట్టించాను. పాడైన బ్యాటరీలు, పాత ఫోన్లు, చార్జర్లు చెత్తలో పారెయ్యకుండా ఇందులో వెయ్యాలి. కవర్లో పెట్టి, పైన పేరూ క్లాసూ రాయాలి. పాయింట్లు ఉంటాయి.

జూలై 8
పాయింట్లనగానే పిల్లలకు పూనకం వచ్చింది. ఒక తండ్రి ఫోన్ చేశాడు. మావాడు గోడ గడియారంలో బ్యాటరీ కూడా పీక్కెళ్లాడండీ, రెండు రోజుల నుంచి మా ఇంట్లో పావు తక్కువ ఏడే అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. లోపల గర్వంగానే ఉంది. పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా మాట గేటు దాటి ఇళ్లలోకి వెళ్లడం ఇప్పుడే చూస్తున్నాను.

జూలై 17
ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. స్టాఫ్ రూంలో మేం సందేహం అని పిలుచుకుంటాం. ఈరోజు లేచి, ఇవన్నీ ఎక్కడికెళ్తాయి మిస్ అని అడిగింది. రీసైక్లింగ్ కంపెనీకి అన్నాను. అక్కడ వీటినెవరు విప్పుతారు అంది. మెషిన్లు అన్నాను. మీరు చూశారా అంది. క్లాసంతా నవ్వింది. ఇక కూర్చో అన్నాను, కొంచెం గట్టిగానే.

చూడలేదు.

ఆగస్టు 1
పెట్టె కాస్తా గోనెసంచులైంది. కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఇంత కొంచెం సరుక్కి బండి పంపం అన్నారు. సోమవారం ఇన్‌స్పెక్షన్. ఉత్తమ ఎకో స్కూల్ అవార్డుకి మా పేరు వెళ్లిందట, మెట్ల కింద ఒక్క సంచీ కూడా కనబడకూడదని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు. తనకు తెలిసిన తుక్కు షెడ్డు ఉందన్నాడు అటెండర్. మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చింది. పది నిమిషాల్లో అంతా ఖాళీ. రిజిస్టర్‌లో ‘రీసైక్లింగ్‌కు పంపడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమేం కాదు కదా.

ఆగస్టు 4
ఇన్‌స్పెక్షన్ బ్రహ్మాండంగా జరిగింది.

ఆగస్టు 12
సందేహం మూడు రోజులుగా రావడం లేదు. ఎందుకో తెలుసా అని క్లాసులో అడిగాను. పీరియడ్ అయ్యాక అటెండర్ వచ్చి మెల్లగా చెప్పాడు. ఆ పిల్ల తల్లి పనిచేసేది ఆ తుక్కు షెడ్డులోనేనట. స్క్రూడ్రైవర్‌తో ఫోన్ బ్యాటరీ పెళ్లగిస్తుంటే పేలిందట. మొహం, రెండు చేతులూ కాలాయి. పెద్దాసుపత్రిలో ఉంది.

తల్లి ఏం చేస్తుందని ఆ పిల్లని నేనెప్పుడూ అడగలేదు.

ఆగస్టు 13
అది మా సంచుల్లోదే అయ్యుండాలని ఏముంది.

ఆగస్టు 16
ఆసుపత్రికి వెళ్లాను. కాలిన గాయాల వార్డు, కిటికీ పక్క మంచం. తల్లి మొహమంతా కట్లు, నోరొక్కటే కనబడుతోంది. నేనెవరో చెప్పగానే లేవబోయింది. మీ బడి సంచులు మా దగ్గరికే వచ్చాయమ్మా అంది, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. ఆమెకు చదువు రాదు, కూతురి పేరు మాత్రం గుర్తుపడుతుంది. ఒక కవర్ మీద ఆ పేరు చూసి మురిసిపోయిందట. ఇంటికి తెచ్చి చూపిస్తే, అవి మెషిన్లు విప్పుతాయని మిస్ చెప్పారే అందట పిల్ల. ఆ మెషిన్ని నేనేనే అని నవ్విందట తల్లి. మర్నాడే ఆ సంచుల్లోది ఒకటి పేలింది.

పిల్ల స్టూలు మీద కూర్చుని ఉంది. నావైపు చూడలేదు. వచ్చేటప్పుడు వరండా దాకా నా వెనకే వచ్చింది. ఏమైనా అడుగుతుందేమోనని ఆగాను. అడగలేదు.

ఆగస్టు 20
ప్రిన్సిపాల్ గారు గది తలుపు వేసి మాట్లాడారు. షెడ్డు ప్రమాదం మీద లేబర్ ఆఫీసు ఎంక్వయిరీ మొదలైంది. రిజిస్టర్‌లో పాత పేజీ తీసేసి కొత్తది పెట్టి ఉంచారు. ‘కంపెనీ వారికి అప్పగించడమైనది.’ కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. మీ మంచికే చెబుతున్నానమ్మా, ఇన్నేళ్ల సర్వీసు మట్టిపాలు చేసుకోకండి అన్నారు.

పెట్టాను. పెన్ను కూడా ఆయనదే.

ఆగస్టు 27
స్కూలు సరుకేదీ మా షెడ్డుకి రాలేదు, ఆమె తన సొంత ఫోనేదో విప్పుకుంటూ కాల్చుకుంది, నాకేం సంబంధం అన్నాడట షెడ్డు యజమాని. ఆఫీసర్ మా స్కూలుకొచ్చి రిజిస్టర్ చూశాడు. యజమాని మాటే నిజమని తేలింది. ఇక వైద్యమూ పరిహారమూ ఏదీ రాదట. ఇదంతా అటెండర్ నేల చూస్తూ చెప్పాడు.

నా సంతకానికి ఇంత బలముందని నాకు తెలీదు.

ఇంట్లో చెప్పాను. నిజం చెబితే ఉద్యోగం ఉంటుందా అన్నాడు మా ఆయన. చెప్పకపోతే అన్నాను. అది నన్నడక్కు అన్నాడు.

ఆగస్టు 28, ఉదయం 11
లేబర్ ఆఫీసు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నాకంటే ముందు నలుగురున్నారు. ఇవ్వాల్సిన కాగితం మూడుసార్లు రాశాను. మొదటి రెండింట్లోనూ చెయ్యి దానంతటదే ‘పంపడం జరిగింది’ అని రాసేసింది. మూడోదాంట్లో ‘నేను పంపాను’ అని రాశాను.

ఆగస్టు 28, సాయంత్రం
ఆఫీసర్ చదివాడు. ఇది తీసుకుంటే రిజిస్టర్‌లో మీరు సంతకం పెట్టింది తప్పుడు రాత అవుతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ముద్ర వేసి తీసుకున్నాడు.

సెప్టెంబరు 3
సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. ఎనిమిదో తరగతికి ఒక్క పీరియడ్ చెప్పి వెళ్తానన్నాను. వద్దన్నారు. అయినా వెళ్లాను. మెషిన్లు లేవు, ఒక అమ్మ ఉంది అని చెప్పాను. ఎవరి అమ్మో చెప్పలేదు, అందరికీ తెలుసు. సందేహం మూడో బెంచీలో తల దించుకుని కూర్చుంది. చెయ్యి ఎత్తలేదు. మా ఇంట్లో ఇంకో పాత ఫోనుంది, దాన్నేం చెయ్యాలి మిస్ అని ముందు బెంచీ పిల్ల అడిగింది. నాకు తెలీదు అన్నాను. టీచర్ నోట ఆ మాట విని పిల్లలు బిత్తరపోయారు.

సెప్టెంబరు 15
కంటి డాక్టరు దగ్గరికి సందేహం తల్లిని నేనే తీసుకెళ్లాను. ఎడమ కంటికి ఇక చూపు రాదన్నారు. కుడికంటి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. సంతకాల సంగతంతా ఆమెకు తెలుసు. బయటికొచ్చాక తడుముకుని నా మోచెయ్యి పట్టుకుంది. ఎదురుగా ఏముందో చెబుతూ ఉండండమ్మా అంది.

చెబుతూ నడిచాను.